ముక్కలుగా కోసిన సముద్రం

2023 డిసెంబర్ 4, సోమవారం. చెన్నై అప్పటికే మునిగింది. వీధుల్లో కార్లు కొట్టుకుపోతున్నాయి. తుపాను మాత్రం ఇంకా ఒడ్డెక్కలేదు. తీరాన్ని రాసుకుంటూ మెల్లగా ఉత్తరానికి పాకుతోంది. పేరు మిచాంగ్. దాని ముందు నెల్లూరు ఉంది, బాపట్ల ఉంది, మచిలీపట్నం ఉంది. ఎక్కడ దాటుతుంది?

కృష్ణా డెల్టాలో ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి మొదలైంది. సరిగ్గా కోతల కాలం. కోసిన వరి పనల మీదే ఉంది, నూర్చిన ధాన్యం రోడ్ల పక్కన రాశులు పోసి ఉంది, బరకాలు కప్పేవాళ్లు కప్పుతున్నారు, ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్లు పెడుతున్నారు, అటు తీరంలో పడవల్ని లాగి మోకులతో కట్టేస్తున్నారు. గాలి సంగతి కళ్లకి కనబడుతోంది. సముద్రం ఎంత ఎత్తున లేస్తుందో ఎవరికీ కనబడదు.

దివిసీమకి ఆ భయం కొత్త కాదు. 1977 నవంబర్ 19. అయిదారు మీటర్ల ఉప్పెన ఊళ్ల మీద పడింది. 10,000 మందికి పైగా పోయారు. ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీళ్లు. ఏ ఊరి మీదికి ఎంత నీరొస్తుందో ముందుగా లెక్కగట్టి చెప్పే ఏర్పాటు ఆనాడు లేదు. ఇప్పుడుందా?

ఉంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లో. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. తుపాను దారి, గాలి వేగం, పీడనం వాతావరణ శాఖ ఇస్తుంది. వాటిని తీసుకుని ఉప్పెన లెక్క కట్టేది ఆడ్‌సర్క్ అనే సాఫ్ట్‌వేర్. అది సముద్రాన్ని త్రికోణాల వలగా చూస్తుంది. నడిసముద్రంలో పెద్దవి, ఒడ్డుకొచ్చేసరికి చిన్నచిన్నవి. ప్రతిచోటా నీరు ఎంత ఎత్తుంది, ఎటు కదులుతోంది, కొద్ది సెకన్ల తర్వాత ఎంత, ఆ తర్వాత ఎంత... ఒక్క కంప్యూటర్ కూర్చుని ఇదంతా చేస్తే లెక్క పూర్తయ్యేలోపే తుపాను తీరం దాటిపోతుంది.

అందుకే సముద్రాన్ని కోస్తారు. ముక్కకో ప్రాసెసర్. ఎవరి ముక్క లెక్క వాళ్లదే. కానీ నీళ్లకి హద్దుల్లేవు కదా! పక్క పొలంలో నీటిమట్టం కనుక్కుని తన మడికి మడవ కట్టే రైతులాగే, ప్రతి ప్రాసెసరూ ప్రతి అడుగులోనూ పక్కవాడి అంచు అంకెలు అడుగుతుంది, తన అంచు అంకెలు ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే పద్ధతి పేరు ఎంపీఐ. 1994లో ఖాయమైంది. ఆ ఏడాదే అమెరికాలో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు ప్రాసెసర్లని ఈథర్నెట్ కేబుళ్లతో కలిపి, లైనక్స్ ఎక్కించి ఒకే యంత్రంలా పరిగెత్తించారు. బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. కోట్లు పోస్తే తప్ప సూపర్ కంప్యూటర్ దొరకదన్న మాట అక్కడ తిరగబడింది. అయితే కేబుల్ గుచ్చగానే పని అయిపోదు.

ఇలాంటి యంత్రాల గదిలో ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది. ఫ్యాన్ల హోరు చెవుల్లో దూరుతుంది. అన్ని యంత్రాల్లోనూ ఎంపీఐ ఒకే వెర్షన్ ఉండాలి, అందరికీ కనబడే ఉమ్మడి ఫోల్డర్ ఉండాలి, పాస్‌వర్డ్ అడగకుండా ఒకదాంట్లోకి ఒకటి వెళ్లగలగాలి, జాబితాలో ప్రతి యంత్రం పేరూ అక్షరం పొల్లుపోకుండా రాసుండాలి. ఒక్కటి తప్పిందా, కమాండ్ కొట్టినా లెక్క సాగదు. ఒక్కోసారి తప్పు ఎక్కడుందో కూడా చెప్పదు. పలకని ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ పని ఆపేసి ఎదురుచూస్తుంటాయి. గాలి మొదలయ్యాక చూసుకుందాంలే అనుకునే పని కాదిది. తుపాను ఊసే లేని రోజుల్లో ఎవరో ఓపిగ్గా చేసిపెట్టాలి. చేసిపెట్టారా?

సూచన వచ్చింది. బాపట్ల దగ్గర. మంగళవారం. మామూలు సముద్రపు పోటుకి మించి మీటరు నుంచి మీటరున్నర ఉప్పెన. లోతట్టు ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, వానలో తడుస్తూ జనం పునరావాస కేంద్రాలకి నడిచారు. తెల్లారింది. బాపట్ల తీరాన సూర్యలంక దగ్గర సముద్రం ఎర్రమట్టి రంగుకి తిరిగింది. గాలి ఊళ పెడుతోంది.

మధ్యాహ్నం 12:30కి, 2:30కి మధ్య బాపట్లకి దక్షిణాన, పట్టణానికి దగ్గర్లోనే తీరం దాటింది. గంటకి 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి.

పనల మీది వరి నీళ్లలో తేలింది. డెల్టా రైతుకి ఆ నష్టం ఘోరం, దాన్ని ఏ లెక్కా ఆపలేకపోయింది. మిచాంగ్ 1977 తుపానంత బలమైంది కాదు, అదీ నిజమే. కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎంత నీరన్నది ఈసారి జనానికి ముందే తెలిసింది. ఆ కబురు వెనక ముక్కలుగా కోసిన సముద్రం ఉంది, దాన్ని పంచుకున్న యంత్రాలున్నాయి, వాటిని కలిపిపెట్టిన మనుషులున్నారు. వాళ్ల పేర్లు ఏ వార్తలోనూ రావు. రావాలి.

బెజవాడ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. అయ్యా, అమ్మా, ల్యాబ్‌లో మూలపడ్డ పాత కంప్యూటర్లు నాలుగు తీయండి. ఒక స్విచ్, నాలుగు కేబుళ్లు చాలు. లైనక్స్ ఉచితం. ఎంపీఐ ఉచితం. పిల్లల చేతే కలిపించండి. మొదటి లెక్కగా నాగాయలంక నుంచి నిజాంపట్నం దాకా ఉన్న తీరాన్ని వాళ్లకివ్వండి.