సహిత విద్య – కొంత చరిత్ర, కొంత ప్రాయశ్చిత్తం

1983వ సంవత్సరం, జూన్ నెల. దర్శి ప్రాంతంలోని ఒక పల్లెటూరి బడిలో నేను తెలుగు పండితుడిగా ఉన్నాను. ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకును చంకనెత్తుకొని వచ్చింది. పోలియో వల్ల ఆ పిల్లవాని కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. "అయ్యోరూ, నోటిలెక్కలు బాగా జేత్తాడు. పద్దెం ఒకసారి యింటే చాలు, అప్పజెప్తాడు. చేర్చుకోండి సామీ" అన్నది. ఆనాడు ప్రవేశాల పని నా చేతిలో ఉన్నది. "ఇటువంటి పిల్లలకు పట్నంలో వేరే బళ్ళుంటాయమ్మా" అని పంపివేశాను. మంచి సలహాయే ఇచ్చాననుకున్నాను.

నా మాటకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. మన దేశంలో 1885లో బొంబాయిలో బధిరుల బడి, 1887లో అమృతసర్‌లో అంధుల బడి ఏర్పడినాయి. చదువే లేని పిల్లలకు ఆ బళ్ళు చదువునిచ్చినాయి, కాదనలేము. కాని ఆ పిల్లలకు వేరే బడియే తగినదన్న భావం కూడా వాటితోనే స్థిరపడింది. కొఠారీ సంఘం (1964–66) వీలైనంతవరకు వారిని సామాన్య పాఠశాలల్లోనే చదివించమన్నది. 1974లో కేంద్రప్రభుత్వం అందుకొక పథకమే ప్రారంభించింది. అంటే, నేను ఆ తల్లిని పంపివేసేనాటికి ఆ పథకానికి తొమ్మిదేళ్ళు! పిల్లవాని వయస్సూ అంతే. ఢిల్లీలో పుట్టిన పథకం దర్శి దాకా నడిచి రాలేదు. వచ్చిందేమోనని విచారించాలన్న ఆలోచన నాకూ కలుగలేదు.

1994లో స్పెయిన్ దేశపు సాలమాంకా నగరంలో జరిగిన సభ, బడికి తగినట్లు పిల్లవాడు మారడం కాదు, పిల్లవానికి తగినట్లు బడి మారాలని ప్రకటించింది. మన దేశంలో 1995 నాటి చట్టం, 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చినాయి. ఏ బిడ్డనూ తిప్పి పంపరాదన్నది సర్వశిక్షా అభియాన్ నియమం. మన రాష్ట్రంలో ఆ క్రమంలో ఏర్పడినవే 'భవిత' కేంద్రాలు. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పిల్లలకు అన్నం కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం మొదలు అక్షరాల దాకా నేర్పి, సిద్ధమైన వారిని మామూలు బడికి పంపుతారు. ఫిజియోథెరపీ ఉంటుంది. మంచం దిగలేని బిడ్డ దగ్గరకు ఉపాధ్యాయులే ఇంటికి వెళతారు.

దీనికి 'సహిత విద్య' అని పేరు. సాహిత్య శబ్దం కూడా ఈ 'సహిత' నుండి పుట్టినదే. జీవితమంతా సాహిత్యం బోధించిన నాకు, ఆ మాటకు 'కూడి ఉండడం' అనే అర్థం ఒక తల్లి ఎదుట స్ఫురించలేదు.

అయితే చేర్చుకున్నంత మాత్రాన సహితం కాదు. మచిలీపట్నం సమీపాన పుట్టిన బొల్లా శ్రీకాంత్ చూపులేని బాలుడు. ఊరి బడిలో ఆయనను వెనుక బెంచీలో కూర్చోబెట్టి పలుకరించేవారే కారు. తరువాత హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో రాణించాడు. పదవ తరగతి ముగిశాక సైన్సు చదువుతానంటే నిబంధనలు అడ్డువచ్చినాయి; న్యాయస్థానానికి వెళ్ళి గెలిచాడు. ఆపైన అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో పరిశ్రమ స్థాపించాడు. వేరు బడిలో వికసించిన బాలుడు సామాన్య విద్యలో చోటు కోసం కోర్టు మెట్లెక్కవలసి రావడం గమనింపదగినది.

విద్యాహక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ ఈ పిల్లలను స్పష్టంగా పేర్కొన్నది. 2016 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుండి 21కి పెంచి, నలభై శాతం, అంతకు మించిన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కన్నది. చట్టం ఇప్పుడు బలమైనదే. కాని మా వైపు మిరపకోతలు మొదలైతే తల్లిదండ్రులు తెల్లవారకముందే చేలకు పోతారు. నడవలేని బిడ్డను కేంద్రానికి ఎవరు చేర్చాలి? ఆ ప్రశ్నకు జవాబున్న ఊళ్ళోనే సహిత విద్య ఉన్నట్లు.

పదవీవిరమణ తరువాత ఒకనాడు దర్శిలో ఒక చిన్న అంగడి ముందు ఆగాను. మూడుచక్రాల బండి పక్కన నిలిపి ఉన్నది. లోపలి మనిషి నన్ను గుర్తుపట్టి "నమస్కారం అయ్యోరూ" అన్నాడు. నేను తీసుకున్న ఏడు వస్తువుల ధరలూ కాగితం లేకుండానే కూడి క్షణంలో చెప్పాడు. ఖాతా పుస్తకం మాత్రం పక్కింటి పిల్లవాడు రాసిపెడుతున్నాడు.