నెల్లూరు తీరంలో ఉప్పు బిడారులు

రైళ్లు రాకముందు నెల్లూరు తీరంలో పండిన ఉప్పు కొండల అవతలి కడప, కర్నూలు, బళ్లారి సీమలకు పెరికె ఎద్దుల మీద, గాడిదల మీద చేరేది. ఆ మోతలో పెద్ద భాగం ఎరుకలవారిది, లంబాడీలది. వీరు సరుకును మాత్రమే కాదు, ఇంటిల్లిపాదినీ, ఇంటినీ కూడా వెంట తీసుకుని నడిచేవారు. ఎండకాలంలో సముద్రపు ఒడ్డున ఉప్పు కొఠార్ల దగ్గర, కోతల వేళ మెట్ట పల్లెల్లో, వానలు పట్టాక ఏ చెరువు గట్టు పక్కనో దిగేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో పల్లెలకు అవసరమైన వృత్తిగా సాగిన ఈ సంచార జీవనం, నూరేళ్లు తిరగకముందే పోలీసు నిఘా కిందికి వచ్చింది. అలా జరగడానికి కారణాలు ఎక్కువగా ఉప్పు మీద పన్ను, రవాణా, అడవి విషయాల్లో సర్కారు చేసిన మార్పుల్లోనే ఉన్నాయి.

తీరం, కొఠార్లు

పులికాట్ సరస్సు నుంచి ఉత్తరంగా సాగే ఈ తీరం పొడవునా ఉప్పుటేళ్లు, చవిటి నేలలు పరుచుకుని ఉంటాయి. అల్లూరు దగ్గరి ఇసకపల్లి, కృష్ణపట్నం ప్రాంతాలు ఉప్పుకు పేరుపడ్డవి. 1904 దాకా ఒంగోలు, 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి కనుక కనుపర్తి, పాకల కొఠార్లు కూడా ఆనాడు ఈ జిల్లా లెక్కలోకే వచ్చేవి.

ఇక్కడ ఉప్పు కాలాన్ని నిర్ణయించేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు తీరాన్ని ముంచెత్తుతాయి. మళ్లు నీట మునిగి, ఉప్పుటేళ్లలో మంచినీరు కలిసిపోతుంది. సంక్రాంతి దాటాక పని మొదలవుతుంది. ముందు కయ్యలోని బురద తీసి, అడుగు మట్టిని కాళ్లతో తొక్కి తొక్కి గట్టి గచ్చులా చేస్తారు. ఉప్పుటేటి నీటిని ఏతాలతో ఎత్తి పెద్ద మళ్లలో నిలవ పెడతారు. ఎండకు అది చిక్కబడ్డాక చిన్న కయ్యల్లోకి వదులుతారు. కొన్నాళ్లకు అడుగున ఉప్పు గళ్లు కడుతుంది. దాన్ని చెక్కతో దగ్గరకు లాగి గట్టు మీద ఆరబోసి, తర్వాత గుట్టలుగా పోసి, వాన తగలకుండా పైన తాటాకు కప్పుతారు. జూన్, జులై దాకా ఇదే వరస.

బిడారులు తీరానికి దిగేదీ ఈ నెలల్లోనే. అప్పటికి మెట్ట సీమల్లో జొన్న కోతలు అయిపోయి ఉంటాయి. అక్కడ ఉప్పుకు బదులుగా తీసుకున్న ధాన్యాన్ని ఎద్దుల మీద వేసుకుని తీరానికి వచ్చి, తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎత్తుకునేవారు. వానలకు దారులు చెడిపోయేలోగా ఒకటికి మించి రాకపోకలు సాగేవి.

దారి మీది కాపురం

ఎరుకలవారిలోని శాఖలకు వారు చేసే పనిని బట్టి పేర్లు వచ్చాయి. ఉప్పు అమ్మేవారు ఉప్పు ఎరుకలు, కరివేపాకు అమ్మేవారు కరివేపాకు ఎరుకలు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవారు దబ్బల ఎరుకలు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ఈ విభాగాలు నమోదయ్యాయి. తమిళ సీమలో కొరవలుగా పిలిచే సమూహంతో వీరికి బంధుత్వం ఉంది. వీరి ఇంటి భాష తమిళానికి దగ్గరగా ఉండే ద్రావిడ భాష. బయట మాత్రం ఏ సీమకు వెళ్తే ఆ సీమ భాష మాట్లాడేవారు. ఊరూరా అమ్ముకునేవారికి అది తప్పని నేర్పు.

వీరి ఇల్లు విప్పి కట్టుకోవడానికి అనువుగా ఉండేది. వంచిన వెదురు బద్దల మీద ఈతాకు చాపలు కప్పితే గుడిసె. బయలుదేరే రోజు చాపలు చుట్టి, బద్దలు కట్టకట్టి గాడిద మీద వేసేవారు. కుండలు, గంపలు, నడవలేని పిల్లలు కూడా ఆ గాడిదల మీదే. ఎద్దు వీపున రెండు పక్కలా సమంగా వేలాడే గోనెలో ఉప్పో ధాన్యమో ఉండేది. ఒక పక్క బరువు ఎక్కువైతే ఎద్దు వీపు పుండుపడుతుంది కనుక గోనెలను సరితూకంగా నింపడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

సంపాదనలో ఆడవారి పాలు తక్కువేమీ కాదు. మగవారు సరుకు చూసుకుంటుంటే ఆడవారు ఊళ్లోకి వెళ్లి గంపలు, చాటలు, చాపలు అమ్మేవారు. ఎరుక చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. వీటికి ప్రతిఫలంగా వచ్చే గింజలే బిడారుకు రోజువారీ తిండి. బుట్టలకు వెదురు, చాపలకు ఈతాకు అడవిలోనూ వాగు ఒడ్డునా దొరికేవి. పశువులకు మేత ఊరి బయళ్లలో, కొండ వాలుల్లో దొరికేది. ఈ మూడూ చేతికి అందినంత కాలం సంచారం సాగింది.

తీరం నుంచి పడమటికి దారి ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల మీదుగా వెలికొండ కనుమలు దాటి బద్వేలు వైపు సాగేది. బండ్లు పోలేని ఇరుకు కనుమల్లో పెరికె ఎద్దులే గతి. కనుమ దాటాక ప్రతి పల్లెలోనూ ఆగి, ఉప్పుకు గింజలు మార్చుకుంటూ ముందుకు కదిలేవారు. చేతిలో నగదు ఉండని రైతుకు ఈ మారకం ఎంతో ఉపయోగపడేది. దూరపు పల్లెకు ఉప్పు మోసుకొచ్చే మరో వర్తకుడు ఉండేవాడు కాదు.

లంబాడీల బిడారులు ఇంతకంటే పెద్దవి. వందల, వేల ఎద్దులతో దక్కను అంతటా తిరిగేవి. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సేనకు ధాన్యం అందించింది ఇలాంటి బిడారులే. ఎరుకల బిడారు చిన్నది. కొద్ది కుటుంబాలు, కొద్ది పశువులు. లంబాడీలు దూర దేశాల మధ్య టోకున సరుకు నడిపితే, ఎరుకలవారు పల్లె గడపకు చిల్లరగా చేర్చేవారు.

గుత్తాధిపత్యం, సుంకం

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు గుత్తాధిపత్యాన్ని చేజిక్కించుకుంది. పండించినవారు కంపెనీకే అమ్మాలి. కొనేవారు కంపెనీ కొఠారులోనే, అది కట్టిన ధరకే కొనాలి. అంతకుముందు బిడారువారు మళ్ల యజమానులతో బేరమాడి తీసుకునేవారు. ఇప్పుడు గుట్టల చుట్టూ కాపలా బంట్రోతులు వచ్చారు. చవిటి నేల మీద ఎండకు తనంతట తాను పేరుకున్న ఉప్పును గీక్కుని పోవడం కూడా నేరమైంది.

1858లో పాలన రాణి చేతికి వెళ్లాక కూడా ఉప్పు మీద పన్ను పెరుగుతూనే వచ్చింది. 1876-78 నాటి పెద్ద కరవు నెల్లూరును, దాని పడమటి జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. సరిగ్గా ఆ కరవు నడుమే, 1877 చివరలో, మద్రాసు రాజధానిలో మణుగు ఉప్పు మీద సుంకాన్ని రూపాయి 13 అణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. మణుగు అంటే సుమారు 37 కిలోలు. కొనుగోలు ధరలో చాలా భాగం సుంకమే కావడంతో చిన్న మదుపుతో బతికే సంచార వర్తకుడు ఎత్తగల సరుకు తగ్గిపోయింది. కరవులో మేత, నీరు లేక పశువులు కుప్పలుగా చచ్చాయి. ఎద్దులు పోతే పెరికె వ్యాపారికి వృత్తే పోయినట్టు.

రైలు, కాలవ, అడవి చట్టం

రవాణా మార్పులు కూడా అదే సమయంలో వచ్చి పడ్డాయి. 1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు రైలు మార్గం పూర్తయింది. బిడారులు వారాల తరబడి నడిచి చేర్చే ఉప్పు ఆ స్టేషన్లకు రోజుల్లోనే చేరసాగింది. టోకున కొని బండ్లలో నింపగల షావుకారుకు కలిసివచ్చింది. నాలుగు ఎద్దులున్న కుటుంబానికి చోటు లేకపోయింది.

తీరం వెంట కాలవ మరో మార్పు. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు ఉత్తరాన తవ్వించడం మొదలుపెట్టిన ఉప్పునీటి కాలవను తర్వాత సర్కారు తీసుకుని పొడిగిస్తూ వచ్చింది. 1876-78 కరవు పనుల్లో మిగిలిన భాగాలు కలిపి, అప్పటి గవర్నరు పేరిట బకింగ్‌హామ్ కాలవ అన్నారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగే ఈ కాలవ నెల్లూరు తీరమంతటినీ ఆనుకుని వెళ్తుంది. తీరపు ఉప్పు, శ్రీహరికోట కట్టెలు పడవల్లో మద్రాసు చేరేవి. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు నెల్లూరు మీదుగా నడిచింది.

1882 మద్రాసు అటవీ చట్టంతో కొండ వాలులు రిజర్వు అడవులయ్యాయి. మేతకు రుసుము, వెదురుకు అనుమతి కావలసి వచ్చాయి. అలా ఉప్పుతో మగవారి పని, వెదురుతో ఆడవారి పని, మేతతో పశువుల బతుకు పదేళ్ల వ్యవధిలో దెబ్బతిన్నాయి. కొందరు కూలికి కుదిరారు, కొందరు బుట్టల అల్లికతోనే గడుపుకున్నారు. మరికొందరు ఏ ఆధారమూ లేక మిగిలారు.

సంచారమే నేరమైన కాలం

ఉత్తర భారతంలో 1871లోనే నేరస్థ తెగల చట్టం వచ్చింది. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరం అబ్బుతుందనే భావన దానికి పునాది. అప్పట్లో మద్రాసు రాజధానికి అది వర్తించలేదు. అయినా వర్తకంలో ఉన్న సంచారులు పోలీసు రాతల్లో క్రమంగా అనుమానితులయ్యారు. 1892లో పోలీసు అధికారి ఎఫ్.ఎస్. ములాలీ మద్రాసు రాజధాని నేరస్థ వర్గాల గురించి రాసిన పుస్తకంలో కొరవలకు, ఎరుకలకు చోటు దక్కింది. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసుకూ వర్తింపజేశారు. ప్రకటించిన తెగలవారు పేరు నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, అనుమతి లేకుండా చోటు మారకూడదు. దారి మీదే బతికిన కుటుంబానికి చోటు మారకూడదన్న నియమం బతుకుతెరువునే మూసేసింది.

ఆ చట్టం కిందే సెటిల్‌మెంట్లు వెలిశాయి. నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకల సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. మిషనరీ శామ్యూల్ బాడెన్ దాన్ని చాలాకాలం నడిపారు. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప కూడా అలా ఏర్పడ్డ నివాసమే. బాపట్ల దగ్గరి స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సెటిల్‌మెంట్లలో బడి, సేద్యం, కూలిపని ఉండేవి. వాటితోపాటు హాజరు పట్టీ, బయటికి వెళ్లడానికి పాసు, శిక్షలు కూడా ఉండేవి. సముద్రం నుంచి తుంగభద్ర దాకా దారులు తెలిసిన సమూహం, కావలి నుంచి పక్క ఊరికి పోవడానికి కాగితం అడగవలసి వచ్చింది.

ఇదే కాలంలో ఐరోపాలో చక్రాల ఇల్లు రెండు రకాలుగా కనిపించింది. 1885లో బ్రిటిష్ నౌకాదళ మాజీ వైద్యుడు గార్డన్ స్టేబుల్స్ ‘వాండరర్’ అనే గుర్రపు బండిని ఇల్లులా కట్టించుకుని విహారానికి బయలుదేరారు. 1907లో ఇంగ్లండులో కారవాన్ క్లబ్బు పుట్టింది. నేడు మోటారు ఇళ్లలో కాపురం పెట్టి చలికాలమంతా వెచ్చని సముద్ర తీరాల్లో గడిపే వేలాది కుటుంబాల అలవాటు ఆ విహారానికి కొనసాగింపు. అదే ఇంగ్లండులో బండ్లలో కాపురముండే జిప్సీలను అదుపు చేయడానికి 1880లలో సంఘ సంస్కర్త జార్జ్ స్మిత్ ప్రచారంతో బిల్లులు వచ్చాయి, అవి నెగ్గలేదు. ఫ్రాన్సులో మాత్రం 1912 చట్టం సంచారుల చేతిలో శరీర కొలతలున్న గుర్తింపు పుస్తకం పెట్టించింది. 1969 దాకా అది అమల్లో ఉంది. సంచారం అంతటా ఒకటే. చేసేవాడి ఆస్తిని బట్టే దానికి విహారమనో నేరమనో పేరు పడింది.

చట్టం రద్దయ్యాక

1947 ఏప్రిల్‌లో ఉప్పు సుంకం రద్దయింది. నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ స్థానంలో రాష్ట్రాలు తెచ్చిన అలవాటు నేరస్థుల చట్టాల వల్ల నిఘా పూర్తిగా పోలేదు. ఎరుకలవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. సెటిల్‌మెంట్ల వారసులు చదువుకుని ఉద్యోగాల్లో, సేద్యంలో, వ్యాపారంలో స్థిరపడ్డారు. అయినా ఊరి పేరు చెప్పగానే అనుమానంగా చూసే అలవాటు సమాజంలో చాలాకాలం మిగిలింది.

ఇసకపల్లి మళ్లలో ఉప్పు ఇప్పటికీ పండుతోంది, లారీల్లో తరలిపోతోంది. నెల్లూరు తీరపు వాణిజ్య చరిత్రలో రేవులకు, కాలవకు, రైలుకు ఇచ్చే చోటే పెరికె ఎద్దులకూ ఇవ్వాలి. ఉప్పు ఎరుకలవారిని పోలీసు రికార్డుల్లో వెతికినన్నాళ్లు వారి కథ సగమే తెలుస్తుంది. మిగతా సగం కొఠార్ల లెక్కల్లో, కనుమ దారుల్లో, ఉప్పుకు గింజలు కొలిచిన మెట్ట పల్లెల్లో ఉంది.