ఊరు ఖాళీ అయిన ఏడు, బడి ఖాళీ అయిన ఏడు



కోలారు జిల్లా మాలూరు తాలూకాలో మాస్తి అనే ఊరు ఉన్నది. మహాసతి అన్న మాటే వాడుకలో నలిగి మాస్తి అయినదని పెద్దలు చెబుతారు. మీలో చాలామందికి ఆ పేరు ఊరుగా కాక మనిషిగా తెలిసి ఉంటుంది. కన్నడ కథకు పెద్దదిక్కైన మాస్తి వెంకటేశ అయ్యంగారు 1891 జూన్‌లో ఇదే తాలూకాలోని హొంగేనహళ్లిలో జన్మించారు. ఇంట్లో తమిళం, బడిలో కన్నడం, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు: మొరసునాటి పిల్లవానికి ఇది ఆనాడూ వింత కాదు, ఈనాడూ కాదు. ఆయనకు ఏడేళ్లు నిండిన రెండు నెలలకు, 1898 ఆగస్టులో, బెంగుళూరికి ప్లేగు వచ్చింది.

ఈ వ్యాసం ఆయనను గురించి కాదు. ఆ ఏటి నుండి మొదలుపెట్టి, 2020లో వసతి పాఠశాలల పిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకొని ఇళ్లకు తిరిగివచ్చిన రోజుల దాకా ఒక్క ప్రశ్నను మీ ముందు పెట్టడమే నా ఉద్దేశం. మహమ్మారి వచ్చినపుడు బడికీ ఇంటికీ నడుమ ఉన్న దూరం ఏమవుతుంది?

ప్లేగు 1896లో బొంబాయిలో బయటపడి రైలు పట్టాల వెంట దేశంలోకి నడిచింది. దానిని అదుపు చేయడానికి ప్రభుత్వం 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. రైలు ప్రయాణికులను తనిఖీ చేయడానికి, రోగులను వేరుగా ఉంచడానికి అధికారులకు దానితో అధికారం చిక్కింది. ఈ చట్టాన్ని జ్ఞాపకం ఉంచుకోండి, మళ్లీ ఎదురవుతుంది. కోలారు బంగారు గనులకు 1894 నాటికే రైలు వచ్చి ఉన్నది. నిత్యం కూలీల రాకపోకలున్న జిల్లా కనుక వ్యాధి ఇక్కడికి రాకుండా ఆగే దారి లేదు. బెంగుళూరులో ఇరుకు పేటలను విడిచినవారి కోసం బసవనగుడి, మల్లేశ్వరం బడావణెలు పెరిగాయి. పల్లెల్లో బడావణెలు ఎక్కడివి? పల్లెవాళ్లు చేసినది ఇంకా పాతది, ఇంకా తెలివైనది. ఇంట్లో ఎలుక రాలిపడితే ఇల్లు వదలడం, రెండు మూడు ఇళ్లలో రాలితే ఊరే వదలడం. పొలాల్లో, తోపుల్లో గుడిసెలు వేసుకొని నెలల తరబడి అక్కడే ఉండడం.

ఎలుక మీది గోమారి వలన ప్లేగు మనిషికి సోకుతుందని పాల్ లూయీ సిమాండ్ కరాచీలో కనిపెట్టినది కూడ 1898లోనే. ఆయన మాటను వైద్యలోకం ఒప్పుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఎలుక రాలితే ఊరు వదలాలని అంతకుముందే తెలుసుకున్న రైతును ఎవరూ శాస్త్రజ్ఞుడని పిలవలేదు. అది వేరే సంగతి.

ఇక మన ప్రశ్న. ఊరు ఖాళీ అయితే బడి ఏమయింది? ఆనాటి బడి అంటే ముఖ్యంగా వీధి బడి. అయ్యవారు ఆ ఊరివాడు లేదా ఆ ఊరి అన్నం తినేవాడు. ఊరు తోపులోకి పోతే ఆయనా తోపులోకి పోవలసినవాడే. చదువు సాగినా ఆగినా పిల్లవాడు తల్లిదండ్రుల కంటి ముందు ఉన్నాడు, ఇంటి మాట వింటూ ఉన్నాడు. కష్టం పడినవాడు మరొకడు: పై చదువుకై పట్నం పోయి, సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం చేస్తూ చదువుకొనే వారాలబ్బాయి. అన్నం పెట్టే ఇల్లే తలుపు వేసుకొని పొలానికి పోతే అతని చదువూ అన్నమూ ఒకే రోజు నిలిచిపోతాయి. నా దృష్టిలో ఈనాటి హాస్టలు విద్యార్థికి పూర్వీకుడు ఈ వారాలబ్బాయే. చదువు అన్నంతో ముడిపడినపుడు, ఆ అన్నం ఇంటిది కానపుడు, మహమ్మారి దెబ్బ రెట్టింపు అవుతుంది.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను ఒక్క వాక్యంలో దాటిపోతున్నందుకు మన్నించండి. దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసినా అది ప్రధానంగా కొద్ది నెలల్లోనే చుట్టబెట్టి పోయింది. బడి తీరును మార్చేంత కాలం నిలువలేదు.

వారాల అన్నాన్ని ప్రభుత్వపు అన్నంగా మార్చిన ఘనత మన తెలుగు నేలకు ఉన్నది. 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలయింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండలోను, హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలోను అటువంటివే వెలిశాయి. కొడిగెనహళ్లి పేరు చూడండి, అచ్చమైన కన్నడ పేరు. సరిహద్దు ఎంత దగ్గరో ఆ పేరే చెబుతుంది. ఆ పి.వి. గారే 1985లో కేంద్ర విద్యాశాఖ చేపట్టిన తరువాత నవోదయ విద్యాలయాలు వచ్చాయి. కర్ణాటకలో 1990ల రెండవ సగం నుండి మొరార్జీ దేసాయి వసతి శాలలు, ఆడపిల్లలకు కిత్తూరు రాణి చెన్నమ్మ శాలలు వచ్చాయి. ఆరవ తరగతి నుండి పదవ తరగతి దాకా చదువు, పడక, భోజనం అన్నీ అక్కడే. కూలికి పోయే ఇంటి బిడ్డ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే ఆ ఇంటికి ఐదేళ్లు ఒక బరువు దిగినట్లే.

ఈ బడులను తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాను. అయితే వాటి పునాదిలో ఒక ఊహ ఉన్నది: పేదవాని ఇంట చదువుకు చోటు లేదు కనుక బిడ్డను ఇంటి నుండి తీసి చదువు దగ్గరికి చేర్చాలి అన్నది ఆ ఊహ. దీపం లేని ఇల్లు, పుస్తకం లేని ఇల్లు అన్నంతవరకు అది నిజం. మన జిల్లాలో దీనికి మరొకటి తోడవుతుంది. ఇల్లు తెలుగుది, వసతి శాల కన్నడానిదో ఇంగ్లీషుదో. బిడ్డ ఇంటి నుండి మాత్రమే కాదు, ఇంటి భాష నుండి కూడ బయటికి వస్తుంది. సెలవుల్లో వచ్చినపుడు అమ్మతో తెలుగులో మాట్లాడుతుంది గాని అమ్మకు తన పాఠం చెప్పలేదు. మామూలు రోజుల్లో ఇది ఎవరికీ లోటుగా కనబడలేదు. పాఠం చెప్పే పని ఇంటిది కాదు గదా!

2020 మార్చిలో ఆ పని ఒక్కసారిగా ఇంటి మీద పడింది.

కర్ణాటక ప్రభుత్వం ఆ నెలలో కోవిడ్ నిబంధనలు జారీ చేసినది ఏ చట్టం కింద అనుకున్నారు? 1897 నాటి ప్లేగు చట్టం కిందనే. వసతి శాలలు ఖాళీ అయ్యాయి. ఎన్నో జిల్లాల్లో ఆ హాస్టలు గదులే తరువాత క్వారంటీన్ కేంద్రాలయ్యాయి. పిల్లలు దుప్పట్లు మడిచి వచ్చిన మంచాల మీద, దూరం నుండి వచ్చిన వలస కూలీలు పడుకున్నారు. ప్లేగు నాడు ఇల్లు విడిచి అందరూ బయటికి పోతే, ఈసారి బయట ఉన్నవారందరూ ఇంటికి పోవలసి వచ్చింది.

అందరూ పోగలిగారా? నవోదయలో ఒక ఏర్పాటున్నది. హిందీ ప్రాంతపు పిల్లలు కొందరు, ఇతర భాషా ప్రాంతాల పిల్లలు కొందరు తొమ్మిదవ తరగతిలో ఒక ఏడాది పాటు చోట్లు మార్చుకొని చదువుతారు. ఒకరి భాష ఒకరు నేర్వాలని, దేశం చూడాలని మంచి ఉద్దేశంతో పెట్టినది. మార్చి 21 నుండే ముందుగా వేసవి సెలవులు ఇచ్చినా, రైళ్లూ బస్సులూ ఆగిపోవడంతో ఈ పిల్లలు పరాయి రాష్ట్రంలో చిక్కుకున్నారు. 173 విద్యాలయాల్లో ఇలా ఆగిపోయిన 3,169 మంది మే నెల మధ్యకు గాని బస్సుల్లో తమ తమ జిల్లాలకు చేరలేదు. పద్నాలుగేళ్ల బిడ్డ, ఎనిమిది వారాలు, ఖాళీ అయిన హాస్టలు, చుట్టూ వేరే భాష. ఆ ఎనిమిది వారాలు తల్లిదండ్రులకు ఎలా గడిచి ఉంటాయో మీరే ఊహించండి. ఈ విషయం పత్రికల్లో ఒక చిన్న వార్తగా వచ్చి పోయింది. వలస కూలీల నడక మన కళ్లను ఎంతగా నింపిందంటే ఈ పిల్లలు మనకు కనబడలేదు.

కోలారు జిల్లా మే రెండవ వారం దాకా ఒక్క కేసైనా లేని పచ్చజిల్లా. బిడ్డ ఇంట్లో క్షేమంగా ఉన్నదన్న తృప్తి ఉండేది. తరువాత పాఠాల మాట వచ్చింది. జూన్‌లో ఆంధ్రప్రదేశ్ సప్తగిరి ఛానెల్‌లో తెలుగు పాఠాలు మొదలుపెట్టింది. జూలై 20 నుండి కర్ణాటక చందన ఛానెల్‌లో సంవేద పేరుతో కన్నడ పాఠాలు పెట్టింది. మన సరిహద్దు ఇంట్లో కూర్చొని చూడండి. అమ్మకు అర్థమయ్యే పాఠం పొరుగు రాష్ట్రపు పాఠ్యప్రణాళికది, బిడ్డ పరీక్షకు పనికిరాదు. పనికివచ్చే పాఠం అమ్మకు చదవరాని భాషది. నడుమ ఒక ఫోను, అది నాన్నతో పాటు కూలికి పోతుంది.

ఆగస్టులో విద్యాగమ అన్నారు. ఉపాధ్యాయులే ఊళ్లలోకి పోయి గుడి అరుగుల మీద, చెట్ల కింద, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి చెప్పారు. ప్లేగు నాటి తోపు మళ్లీ వచ్చినట్లుగా నాకు తోచింది. వ్యాధి సోకుతున్నదన్న ఆందోళనతో అక్టోబరులో అదీ ఆగిపోయింది. ఆగకపోయినా, అది ఊరి బడికి ఒదిగే పద్ధతి. వసతి శాల బిడ్డకు తన ఊళ్లో ఇల్లుంది, తన అయ్యవార్లు లేరు.

ఇక్కడ ఒక పక్కమాట. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో, ఒకే అయ్యవారున్న పల్లె బడుల కోసం తెలుగులో కార్డులు తయారు చేశారు. పిల్లలు తమంతట తాము, తమ వేగాన, మెట్టు మెట్టుగా నేర్చుకొనే పద్ధతి అది. దానిని చూసి వచ్చిన ఉపాధ్యాయులే 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటెలో నలి-కలి మొదలుపెట్టారు. తెలుగు నుండి కన్నడానికి పోయిన ఆ చదువు చిన్న తరగతులకే పరిమితం. పై తరగతుల పిల్లలకు, అమ్మ కూడ పక్కన కూర్చొని చదవగలిగే అటువంటి కార్డుల కట్ట ఒకటి 2020లో ఇంటికి పంపగలిగి ఉంటే ఎంత బాగుండేది!

పరీక్షల విషయంలో మాత్రం కర్ణాటక ఒక మంచి పని చేసింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ 2020 జూన్‌లో పదవ తరగతి పరీక్షలు రద్దు చేస్తే, కర్ణాటక జూన్ 25 నుండి ఎస్.ఎస్.ఎల్.సి. జరిపింది. జరపడం ఒప్పో తప్పో వాదం ఉన్నది. అయితే హాస్టళ్ల నుండి ఇళ్లకు పోయిన పిల్లలు తమ ఇంటికి దగ్గరి కేంద్రంలోనే రాయవచ్చునని అనుమతించింది. బిడ్డ ఎక్కడ చదివినా ఇల్లు ఎక్కడో ఉన్నదని పరీక్షల శాఖ గుర్తించిన అరుదైన సందర్భం అది.

2021 జనవరి 1న పదవ తరగతి వారికి బడులు తెరిచారు. హాస్టలుకు రావాలంటే కోవిడ్ లేదన్న పరీక్షా ఫలితం, తల్లిదండ్రుల సమ్మతి పత్రం తేవాలి. చదువురాని తెలుగు తల్లి ఇంట ఆ పత్రం ఎలా పూర్తవుతుందో నాకు తెలుసు. బిడ్డే చదివి, బిడ్డే తెలుగులో చెప్పి, వేలిముద్ర ఎక్కడ వేయాలో బిడ్డే చూపించాలి. ఎవరి సమ్మతి ఎవరు ఇచ్చినట్లు? ఆ ఏడు జూలైలో జరిగిన ఎస్.ఎస్.ఎల్.సి.లో ప్రశ్నలన్నీ గుర్తు పెట్టేవే. తెలుగు ప్రథమ భాషగా తీసుకున్న బిడ్డ కూడ ఒక్క వాక్యం తెలుగులో రాయకుండా తెలుగు పరీక్ష ముగించింది.

తెలంగాణలో వసతి అన్నదే న్యాయస్థానం మెట్లెక్కింది. 2021 సెప్టెంబరు 1న మామూలు బడులు తెరిచినపుడు, ఒకే హాలులో పక్కపక్కన పడుకొనే గురుకులాలను తెరవవద్దని హైకోర్టు నిలిపింది. అక్టోబరులో గాని అనుమతించలేదు. గురుకులం ఇచ్చే వరమే, అంటే కలిసి తినడం, కలిసి పడుకోవడమే, ఆ రెండు నెలలు దాని దోషమయింది. ఇంట చదువుకు చోటు లేదన్న కారణంతో గురుకులానికి పంపిన పిల్లలే అందరికంటె ఎక్కువ కాలం ఇంట ఉండవలసి వచ్చింది.

ఇంటి భాష వేరైతే బడి భాషలో బిడ్డ రాణించదని మీరు తీర్మానించుకోకండి. తమిళపు ఇంట పుట్టి కన్నడంలో జ్ఞానపీఠం పొందిన మాస్తి వారు మన తాలూకాలోనే ఉన్నారు. బడి భాష బిడ్డకు వస్తుంది. రానిది అమ్మకు. బడి మూసినపుడు ఇంటికి కాగితం, పాఠం, సమాచారం ఏది పంపినా అమ్మకు వచ్చిన భాషలో ఒక ప్రతి పంపాలన్నది నా వాదం. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల బిడ్డకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడమంటున్నది. ఆ బిడ్డ తల్లికి వచ్చే ఉత్తరం ఏ భాషలో ఉండాలో ఆ అధికరణం చెప్పదు.

మీకు ఒక మనవి. మీ ఊళ్లో ముసలివారు ఎవరైనా, వాళ్ల అవ్వాతాతల నోట విన్న ప్లేగు గుడిసెల మాటలు చెప్పగలిగితే, ఏ తోపు, ఏ చేను, ఎన్ని నెలలు అన్నది రాసిపెట్టండి. అలాగే 2020లో హాస్టలు నుండి వచ్చి ఇంట ఉన్న బిడ్డలను, వాళ్లు ఇప్పుడు కాలేజీల్లో ఉంటారు, పిలిచి అడగండి: ఆ నెలల్లో ఏమి చదివావు, ఎవరు చెప్పారు, అమ్మతో ఏమి మాట్లాడావు? తెలుగులోనే చెప్పమనండి. రాయడం రాకపోతే మీరు రాయండి.