చెరసాలలో విందు

రాజమహేంద్రవరమున సెంట్రల్ జైలు గోడ ప్రక్కగా ఏ పనిమీద పోవుచున్నను నేనొక క్షణము నిలుతును. 1930వ సంవత్సరమున మా మాతామహులు కల్లుదుకాణము నెదుట పికెటింగు చేసినందులకు ఆరు మాసములు ఆ గోడ లోపల నుండిరి. అది ఉప్పు సత్యాగ్రహపు కాలము. జైలునకు పోయిన సంగతి మా యింట పలుమారు వినబడెడిదే కాని, లోపల నేమి జరిగినదో తాతగారు చెప్పెడివారు కారు. విడుదలయైన పిదప మాత్రము, బ్రదికినంత కాలము, తలుపు వేసిన గదిలో వారు నిద్రింపలేదు. వానకాలమందు సైతము వారి మంచము అరుగుమీదనే.

2018వ సంవత్సరపు వేసవిలో అమెరికా దేశమున బోస్టను నగరమందున్న మా అమ్మాయి యింటికి పోయితిని. ఒకనాటి సాయంకాలము మా అల్లుడు నవ్వుచు, "మామగారూ, ఇవాళ మిమ్మల్ని జైలుకు తీసుకుపోతాను, భోజనానికి" అనెను. పరిహాస మనుకొంటిని. పరిహాసము కాదు. ఆ నగరమున చార్లెస్ వీథి చెరసాల యని ప్రసిద్ధికెక్కిన కట్టడము 2007 నుండి హోటలుగా నున్నది. దాని పేరు లిబర్టీ, అనగా స్వేచ్ఛ. మన హైదరాబాదులో ఫలక్‌నుమా సౌధము 2010లో హోటలైనప్పుడు ఎవరికిని వింతగా తోచలేదు. అది పూర్వమును అతిథులు దిగిన ఇల్లే. చెరసాల సంగతి వేరు. అచ్చటికి తనంత తాను వచ్చినవాడెవడు?

ఆ కట్టడము 1848లో నారంభమై 1851లో ముగిసినది. గ్రిడ్లీ బ్రయంటు అను శిల్పి దానిని రచించెను. లూయీ డ్వైటు అను మతబోధకుడు, ఖైదీల దుస్థితిని బాపుటకు పాటుపడినవాడు, అతనికి సలహా చెప్పెను. చీకటికొట్లలో మనుష్యుని కుళ్లబెట్టుటకంటె వెలుతురు, గాలి, ఏకాంతము నిచ్చినచో వాడు మారునని వారి నమ్మకము. నడుమ అష్టకోణమైన మండపము. తొంబది యడుగుల యెత్తున దాని కప్పు. అచ్చటినుండి నాలుగు దిక్కులకు నాలుగు శాలలు. అంతయు క్విన్సీ గ్రానైటు రాయి. కొట్లు 220. ఒక్కొక్కటి ఎనిమిదడుగులు వెడల్పు, పదియడుగులు పొడవు. ఆ కొట్లను వెలిగోడకు ఆనించి కట్టలేదు. శాల నడుమ అంతస్తులుగా పేర్చి, చుట్టును ఖాళీ విడిచి, వెలిగోడలో ముప్పదిమూడడుగుల యెత్తు కిటికీలు పెట్టిరి. కొట్టులోనున్న వానికి ఊచల నడుమ నుండి వెలుతురు కనబడును. కిటికీ మాత్రము చేతి కందదు. దయతో కట్టిన చెరసాల యనిన నిదియే కాబోలు.

అందున్నవారిలో జేమ్సు మైకేలు కర్లీ యొకడు. ఉద్యోగమునకై యొకని బదులు తాను పరీక్షకు కూర్చుండి పట్టుబడి 1904లో ఈ జైలున నుండెను. తరువాత నాతడే బోస్టనునకు నాలుగుమార్లు మేయరు, ఆ రాష్ట్రమునకు ఒకమారు గవర్నరు నయ్యెను. ముప్పదియేండ్లు పరీక్షగదులలో కావలి కాచినవాడను. ఈ కథ నాకు రుచింపలేదు.

నా మనస్సున నిలిచినది వేరొకటి. 1919 ఫిబ్రవరిలో అధ్యక్షుడు విల్సను బోస్టనునకు వచ్చినపుడు, స్త్రీలకు వోటు కావలెనని పతాకములు పట్టి నిలిచిన స్త్రీలను నిర్బంధించిరి. జుల్మానా కట్టినచో వారు ఇంటికి పోవచ్చును. కట్టమని చెప్పి వారీ జైలునకు వచ్చిరి. మరుసటి యేడు ఆ దేశమున స్త్రీలకు వోటు వచ్చెను. తనంత తాను చెరసాలకు వచ్చువాడెవడని మీదట నడిగితిని కదా! మా తాతగారి ఎదుటను ఆనాడు జుల్మానా చీటియే పెట్టిరట.

కాలము గడచినకొలది ఒకనికై కట్టిన కొట్టులో ఇద్దరి నుంచసాగిరి. వారిలో పెక్కురు విచారణకై వేచియున్నవారు; అనగా నేరము ఋజువు కానివారు. ఖైదీలు దావా తెచ్చిరి. గారిటీ యను న్యాయమూర్తి స్వయముగా నొకరాత్రి ఆ జైలులో గడపి, 1973లో ఆ స్థితి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. ఒక్క రాత్రి చాలినది న్యాయమూర్తికి. దొరతనమువారికి దానిని మూయుటకు 1990 వరకు, పదియేడేండ్లు, పట్టినది.

పిమ్మట ప్రక్కనున్న పెద్ద ఆస్పత్రి ఆ స్థలమును గొన్నది. పడగొట్టక హోటలు చేసినందులకు సంతసింపవలసినదే. రాయి నిలిచినది, కిటికీలు నిలిచినవి. ఇప్పటి 298 గదులలో చాలవరకు ప్రక్కన కట్టిన క్రొత్తమేడలోనివి; పాతదానిలో పదునెనిమిది మాత్రమే.

మండపమున నడుగిడినంతనే ఆ యెత్తు, ఆ వెలుతురు చూచి నిజముగా చేతులు జోడింపబుద్ధి యయ్యెను. జనులు నవ్వుచున్నారు, గ్లాసులు మ్రోగుచున్నవి. ఒక మూల మెట్లు దిగినచో బారు. దానిపేరు అలిబీ, "నేరము జరిగిన వేళ నేనచ్చట లేను" అని న్యాయస్థానమున చెప్పుకొను మాట. త్రాగి వీథిలో పడినవారిని మత్తు దిగువరకు మూసియుంచిన గది యదియే! త్రాగినందులకు మూసిన చోటనే ఇపుడు త్రాగించుచున్నారు. పెద్దలు మీకిది నవ్వు పుట్టింపవచ్చును, నాకును పుట్టినది. వెంటనే తాతగారు జ్ఞాపకమునకు వచ్చిరి. కల్లు మాన్పింపబోయి జైలునకు పోయిన మనుష్యుని మనుమడు, కల్లంగడియైన జైలులో నిలిచియున్నాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై నడుము కట్టిననాటికే వారు లేరు.

మాకు చూపిన బల్ల పాతకొట్టులో నున్నది. ఊచల నట్లే యుంచి, లోపల మెత్తని ఆసనములు వేసిరి. అల్లునకు ఉత్సాహము. నేను లోనికి అడుగుపెట్టితిని గాని కూర్చుండలేకపోతిని. "వెలుపల బల్ల దొరకునా?" యని యడిగితిని. వడ్డనవాడు మంచివాడు, కారణ మడుగకయే మండపము క్రింద వేరొకచోటు చూపెను. అమ్మాయి మాత్రము, "ఏం నాన్నగారూ, ఒంట్లో బాగాలేదా?" అనెను. అపుడు చెప్పితిని, అరుగుమీది మంచపు కథ. అదివరకు మా అమ్మాయి కెన్నడును చెప్పియుండలేదు.

పదేండ్ల మనుమరాలు అంతయు వినెను. మేము భోజనము ముగించునంతలో ఖాళీగా నున్న యొక కొట్టులోనికి పోయి, మడమకు వ్రేలు తాకించి అడుగులు వేయుచు కొలచి వచ్చినది. "తాతయ్యా, మీ తాతగారి గది ఎన్ని అడుగులు?" అని యడిగెను.

నేను వారి నెన్నడును అడుగలేదు.