శిక్షణ విమానం, స్వావలంబన: హైదరాబాద్ ప్రాంత అనుభవం

పరిచయం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమయ్యేవరకు హైదరాబాద్ ప్రయాణికులకు బేగంపేటే విమానాశ్రయం. అయితే ఈ నగర విమానయాన చరిత్రను ప్రయాణికుల రాకపోకలకే పరిమితం చేయరాదు. వైమానిక దళ పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్న ప్రాంతం కూడా ఇదే. ఆ పాఠాలు నేర్పే చిన్న విమానాన్ని స్వతంత్ర భారతదేశం తానే తయారుచేసుకోగలిగిందా? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని కింది అంశాలను చదవండి.

1. తొలి విజయం: హెచ్.టి.-2

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలోని ప్రాథమిక శిక్షణ పాఠశాలలో బ్రిటిష్ వారి టైగర్ మాత్ విమానాలు వాడేవారు. వాటి రెక్కలకు గుడ్డ కప్పి ఉండేది. వాటి స్థానంలోకి వచ్చినదే హెచ్.టి.-2. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపొందిన ఈ లోహ విమానం 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. ఇందులో శిక్షకుడు, శిక్షణార్థి ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రానికి చెందిన బీదర్‌లో ఎందరో దీనిపైనే శిక్షణ పొందారు. డిజైన్ మనదే అయినా ఇంజన్ బ్రిటన్‌దని గమనించండి.

2. దుండిగల్, దీపక్

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971 జనవరిలో అది ప్రారంభమైంది. 1980వ దశకంలో ఇక్కడికి హెచ్.పి.టి.-32 'దీపక్' వచ్చింది. 1977లో తొలిసారి ఎగిరిన ఈ విమానంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. శిక్షకుడు విద్యార్థి చేతి కదలికలను నేరుగా చూడగలగడం దీని సౌలభ్యం.

కాని గాలిలో ఉండగా ఇంజన్ ఆగిపోవడం దీర్ఘకాల సమస్యగా మారింది. ప్రమాద సమయంలో పైలట్‌ను బయటికి విసిరే సీట్లు ఇందులో లేవు. సేవాకాలంలో 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు మరణించారు. 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు అధికారులు చనిపోవడంతో ఈ విమానాలను నిలిపివేశారు.

3. దిగుమతి, మళ్లీ స్వదేశీ

ఆ తరువాత తొలి దశ శిక్షణకే కిరణ్ జెట్‌లను వాడవలసి వచ్చింది. 2012లో స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ సంస్థతో 75 విమానాలకు ఒప్పందం కుదిరింది. 2013లో అవి దుండిగల్ చేరడం మొదలైంది. మరోవైపు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించిన హెచ్.టి.టి.-40 2016 మేలో తొలిసారి ఎగిరింది. 2023 మార్చిలో ప్రభుత్వం 70 విమానాలకు ఒప్పందం చేసుకుంది. దీని ఇంజన్ అమెరికాది.

సారాంశం

స్వావలంబన అంటే ఒక విమానాన్ని ఒకసారి తయారుచేయడం మాత్రమే కాదు. వాడుకలో బయటపడిన లోపాన్ని సకాలంలో సరిదిద్దగలగడం, తదుపరి విమానాన్ని ముందే సిద్ధం చేసుకోవడం కూడా అందులో భాగాలే. హెచ్.టి.-2 మొదటి శక్తిని నిరూపించింది. మిగిలిన రెండూ కొరవడితే ఆ మూల్యం శిక్షణలో ఉన్న యువకులు, వారి శిక్షకులు చెల్లించవలసి వస్తుందని దీపక్ చరిత్ర తెలుపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

హెచ్.టి.-2, దీపక్ అనుభవాలను పోల్చి, స్వావలంబనకు మీ నిర్వచనం రాయండి.