వాడెవిల్ వాక్కేళియు వెండితెరయు

దశరూపకములలో నొకటియగు వీథికి ఒక్క పాత్రమో రెండు పాత్రములో చాలునని భరతముని విధించెను. ఆ వీథికి లాక్షణికులు చెప్పిన పదుమూడంగములలో వాక్కేళియు నసత్ప్రలాపమును గలవు. మొదటిది ఉక్తిప్రత్యుక్తుల విలాసము. రెండవది, ధనంజయుని మతమున, పొందికలేని పలుకులచే గూడినది. ఈ లక్షణముల పేరైన వినని అమెరికాదేశపు నటులు పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున నిట్టి వినోదమునే జీవనవృత్తిగా జేసికొనిరి. ఇద్దఱు నటులు తెరముందు నిలుతురు. ఒకడు తిన్నగా ప్రశ్నించును; రెండవవా డపార్థముచే నుత్తరమిచ్చును; సభ నవ్వును. ఈ హాస్యయుగ్మముల కాటపట్టైన రంగమునకు వాడెవిల్ అని పేరు. చలనచిత్రము వాడెవిల్‌ను రూపుమాపె ననుట లోకప్రసిద్ధము. దానిని మనకు భద్రపఱచినదియు నా చలనచిత్రమే యనుట యంతగా బ్రసిద్ధము కాదు. ఒక్క సాధనమే యీ రెండు పనుల నెట్లు చేసెనో విచారింపదగియున్నది.

న్యూయార్కు నగరమున టోనీ పాస్టర్ 1881లో గుటుంబసమేతముగ జూడదగిన వినోదప్రదర్శనముల నారంభించెను. బోస్టనులో బి. ఎఫ్. కీత్ 1885లో నుదయము మొదలు రాత్రివఱకు నెడతెగక సాగు ప్రదర్శనముల బెట్టెను. అనంతరము దేశమంతట నాటకశాలలు గొలుసులుగా నేర్పడెను. గారడీ, గానము, దొమ్మరివిద్య, శునకముల యాట, వీనినడుమ హాస్యయుగ్మము: ఇట్లు వేర్వేఱు వినోదములు వరుసగా వచ్చుచుండెడివి. ఒక్కొక్క యుగ్మమునకు బదుమూడు పదునాలుగు నిమిషముల కాలము దొరకును. ముందుతెర వ్రేలుచుండగా దాని వెనుక మఱుసటి యంశమునకు సామగ్రి సర్దుదురు గావున, ఇద్దఱు మనుష్యులును మాటయును దప్ప మఱేమియు నక్కఱలేని యీ హాస్యము శాలాధిపతులకు మిక్కిలి యుపయోగకరమై యుండెను. ఒక్క పట్టణమునకు మరల వచ్చుటకు దఱచుగా నేడాది పట్టుటచే, ఒక్క సంభాషణనే సంవత్సరములకొలది సానబట్టుచు నటులు బ్రదుకగలిగిరి.

ఇట్టి యుగ్మములలో జో వెబర్, లూ ఫీల్డ్స్ అనువారు మార్గదర్శకులు. పోలండునుండి వలసవచ్చిన యూదుల బిడ్డలగు వీరు న్యూయార్కునందలి బీదపేటలలో బెరిగి, బాల్యముననే రంగమెక్కిరి. ఒకడు పొడగరి, సన్ననివాడు. రెండవవాడు పొట్టి, కృత్రిమోదరధారి. జర్మనుల వలె నింగ్లీషును విఱిచి పలుకుచు, ప్రేమాతిశయము పేర నొకడు రెండవవాని గొంతు నులుముచుండ సభ గొల్లుమనెడిది. 1896లో వీరు తమ పేర నొక నాటకశాలను దెఱచిరి. 1904లో విడిపోయి, 1912లో మరల గలసిరి. వలసవచ్చినవారి భాషాక్లేశమే వీరి హాస్యమునకు మూలము. శ్రోతలలో ననేకులు నిన్నమొన్న నట్టి యింగ్లీషునే పలికినవారగుటచే, ఆ నవ్వులో బరిహాసముతోపా టాత్మీయతయు గలదు.

1896 ఏప్రిలు 23వ తేదీని ఎడిసన్ పేర బ్రసిద్ధమైన వైటాస్కోపును న్యూయార్కులో మొదట బ్రదర్శించినది కోస్టర్ అండ్ బియల్ అను వినోదశాలయందే. అనగా జలనచిత్రము వాడెవిల్‌కు మొదట నతిథియై వచ్చినది. మాటలేని యా యతిథివలన మాటకాండ్రకు దొలుత భయము లేకుండెను. చేష్టను బట్టగలిగిన యంత్రము సంభాషణను బట్టలేదు. మాటల నక్షరములుగా దెరపై జూపినచో, ప్రశ్నకు నుత్తరమునకు నడుమనుండు క్షణమాత్రపు మౌనము చెడిపోవును.

కావుననే మూగచిత్రముల కాలమున నత్యంతప్రసిద్ధిగన్న యుగ్మము వాడెవిల్ కూర్చినది కాక చిత్రశాల కూర్చినదయ్యెను. స్టాన్ లారెల్ 1910లో ఫ్రెడ్ కార్నో నాటకసమాజముతో ఇంగ్లండునుండి అమెరికాకు వచ్చినవాడు. చార్లీ చాప్లినును ఆ సమాజములోనివాడే. ఆలివర్ హార్డీ 1914 మొదలు చిత్రములలో వేషములు వేయుచుండెను. వీరిరువురిని 1927లో హాల్ రోచ్ చిత్రశాల జంటగా నిలిపెను. వీరు ప్రత్యుక్తికి మాఱుగా బ్రతిచేష్టను గల్పించిరి. 1929 నాటి ‘బిగ్ బిజినెస్’ చిత్రమున నొకడు వీరి మోటారుబండిని విఱుచును. వీరు వాని యిల్లు విఱుతురు. ఒకడు విఱుచునంతసేపు రెండవ పక్షమువారు తమ వంతుకై యోపికతో నిలిచి చూచుటలోనే హాస్యమంతయు నున్నది. అది చేతులతో నాడిన వాక్కేళి. కష్టము వచ్చినపుడెల్ల హార్డీ యంత్రమువైపు దీనముగ జూచును; అనగా గనబడని సభను దన పక్షమునకు సాక్షిగా బిలుచును.

ఇంతలో మాట వచ్చినది. 1923 ఏప్రిలు 15వ తేదీని న్యూయార్కులోని రివోలీ శాలలో లీ డి ఫారెస్ట్ చూపిన శబ్దచిత్రములలో వెబర్, ఫీల్డ్సుల హాస్యము నొకటి. 1926 ఆగస్టు 6వ తేదీని వార్నరు సోదరులు వైటఫోను పద్ధతిని బ్రకటించిరి. ఇందు బొమ్మ ఫిల్ముచుట్టయందును, ధ్వని పదునాఱంగుళముల పళ్లెమునందును వేర్వేఱుగ నుండును. పళ్లెము నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. ఒక వైపు సుమారు పదునొకండు నిమిషములు పలుకును. ఈ పరిమాణము వాడెవిల్ యంశమునకు గొలిచి కుట్టినట్లు సరిపోయెను. ఛాయాయంత్రము చప్పుడు వినబడకుండుటకు దాని నొక గదిలో బంధించిరి గావున నది యిటునటు కదలలేదు. ముందువరుస ప్రేక్షకునివలె నెదుట నిలిచి, నటులు చేసినది చేసినట్లు గ్రహించెను. యంత్రమున కున్న యీ లోపమే పరిశోధకులకు లాభమయ్యెను.

1929 నాటి ‘లాంబ్‌చాప్స్’ అను చిన్నచిత్రమున జార్జి బరన్స్, గ్రేసీ ఆలెన్ దంపతులు తమ రంగస్థలాంశమునే ప్రదర్శించిరి. 1922లో వీరు జతగూడినపుడు ప్రశ్నించుట ఆమె వంతు, నవ్వించుట యాతని వంతు. సభవా రాతని హాస్యోక్తులకు గాక యామె ప్రశ్నలకు నవ్వుచుండుట గ్రహించి, బరన్స్ వంతులు మార్చెను. అనగా నా యుగ్మమును దిద్దినవారు సభ్యులే. చిత్రారంభమున గ్రేసీ గదిలోని వస్తువుల నడుమ దేనికొఱకో వెదకుచుండును. ఆమె వెదకునది సభను! బరన్స్ యంత్రమువైపు చూపి సభ యచ్చట నున్నదని చెప్పును. నవ్వుటకై చేసిన యీ చిన్న చమత్కారములో నొక కళయొక్క కష్టమంతయు నిమిడియున్నది. హాస్యయుగ్మమున నిజమునకు బాత్రములు రెండు గావు, మూడు. మూడవది సభ. నవ్వు తగ్గువఱకు నాగి మఱుమాట విడుచుట యీ కళకు బ్రాణము. చిత్రశాలలో నా మూడవ పాత్రము లేదు.

మఱియొక నష్టమును గలదు. ఏండ్లకొలది యూరూర జెల్లిన యంశము చిత్రముగా వెలువడిన కొలదివారములలో దేశమంతట బాతబడిపోవును. నటుని మూలధన మొక్కనాటితో వ్యయమగును. 1913లో దెఱచిన న్యూయార్కు పాలెస్ శాల వాడెవిల్‌కు మకుటమనదగినది. అదియు 1932లో జలనచిత్రశాలగా మాఱెను. ఆ యేటనే బరన్స్, ఆలెన్ దంపతులు రేడియోలో స్థిరపడిరి. వెబర్, ఫీల్డ్సులు 1940 నాటి ‘లిలియన్ రసెల్’ చిత్రమున వృద్ధులై తమ వేషములను దామే ధరించిరి. 1941లో ఫీల్డ్సును, 1942లో వెబరును గతించిరి.

వైటఫోను చిత్రములగతి తాళపత్రగ్రంథములగతి వంటిది. కొన్నింటికి బొమ్మ మిగిలి పళ్లెము పోయినది. కొన్నింటికి బళ్లెము మిగిలి బొమ్మ పోయినది. మూల మొకచోటను వ్యాఖ్య మఱియొకచోటను దొరకిన గ్రంథమువలె వీనిని జతపఱుపవలసియున్నది. ఈ పనికై 1991లో వైటఫోను ప్రాజెక్టను సంఘ మేర్పడి, ప్రైవేటు సేకరణలనుండి పళ్లెములను వెలికిదీసి, భాండాగారములలోని ఫిల్ములతో జేర్చుచున్నది. ఇట్లుద్ధరింపబడిన చిత్రములలో మాట యున్నది, అంగవిక్షేపమున్నది, స్వర మున్నది. సభ నవ్వు మాత్రము లేదు. నటు లలవాటుచే నెచ్చట క్షణమాత్ర మాగుదురో యచ్చట నొకప్పు డెంత నవ్వు పుట్టెడిదో యూహింపవలయును. పాఠపరిష్కర్త లుప్తాక్షరముల నెట్లు పూరించునో, వాడెవిల్ చరిత్రకారు డా మౌనముల నట్లు చదువవలసియున్నాడు.