పేరు లేని నెత్తుటి చుక్క

ఎన్ని కాన్పులు, ఎందరు పిల్లలు దక్కారు అని గడపలో కూర్చుని అడిగి రాసుకునే పనిని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో దేశమంతటా మొదలుపెట్టింది. మనిషి సమ్మతి లేనిదే ప్రయోగం కూడదని 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి చెప్పింది. ప్రశ్నల కాగితంతో వచ్చేవారికి అదంతా ఎందుకన్న ధీమా మాత్రం చాలాకాలం నడిచింది.

1998-99లో రెండో విడత వేలికొన పొడిచి రక్తహీనతను పరీక్షించింది. ఫలితం అక్కడికక్కడే చెప్పేవారు గనుక పేచీ రాలేదు.

అసలు చిక్కు 2005-06లో హెచ్‌ఐవీ పరీక్షతో వచ్చింది. ఊళ్లో ఆ మాట పొక్కితే ఇంటిల్లిపాదీ వెలి అయ్యే రోజులవి. అందుకే ఒక్కో పరీక్షకూ విడివిడిగా అనుమతి అడగాలన్నారు. సమ్మతి పత్రం చదివి వినిపించి, అడిగిన మనిషే సంతకం పెట్టాలి. 15-17 ఏళ్ల పెళ్లికాని పిల్లలైతే పెద్దలు ఒప్పుకోవాలి, ఆపైన పిల్లలూ ఒప్పుకోవాలి. వడపోత కాగితం మీద ఆరబెట్టిన చుక్కకు పేరుండదు, బార్‌కోడే గుర్తు. స్థానికంగా వ్యతిరేకత రావడంతో నాగాలాండ్‌లో ఆ పరీక్ష చేయనే లేదు.

దేశమంతటా తీసిన లక్షకు పైగా నమూనాల్లో ఆంధ్రప్రదేశ్ వరకు చూస్తే హెచ్‌ఐవీ 0.97 శాతమని తేలింది. గుంటూరు జిల్లాలో ఇంటింటా జరిపిన అధ్యయనం ఒకటి, అధికారిక అంచనాలు బాగా ఎక్కువగా ఉన్నాయని 2006లోనే చెప్పింది. దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవారి లెక్క 50 లక్షలు దాటినది కాస్తా 2007లో సుమారు 25 లక్షలకు దిగింది. ఇంత నిజం దేశానికి దక్కింది గానీ రక్తమిచ్చిన మనిషికి తన ఫలితం దక్కలేదు. కావాలంటే ఉచిత పరీక్షా కేంద్రానికి వెళ్లమన్నారు, అంతే. ప్రభుత్వం 2004లోనే హెచ్‌ఐవీకి ఉచిత మందులు ఇవ్వడం మొదలుపెట్టింది కదా! పేరు దాచడం సరైనదే, కానీ తన ఫలితం తాను కోరుకునే దారి కూడా ఆ ఇంట్లోనే చూపించి ఉండాల్సింది.

గృహహింస ప్రశ్నల విషయంలో జాగ్రత్త ఇంకా పదునుగా కనిపిస్తుంది. ఇంటికి ఒక్క మహిళనే, అదీ ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతారు. భర్తో అత్తో లోపలికి వస్తే అక్కడితో ఆపేయాలి.

2015-16 నాటికి చిన్న కంప్యూటర్లూ జీపీఎస్సూ వచ్చాయి. పేరు తీసేసినా ఊరి జాడ దొరికే ప్రమాదం ఏర్పడింది. అందుకని పరిశోధకులకిచ్చే సమాచారంలో చోటును కావాలనే జరుపుతారు. పట్టణమైతే రెండు కిలోమీటర్ల దాకా, పల్లె అయితే ఐదు దాకా, నూటికొక పల్లెను పది దాకా జరుపుతారు, జిల్లా మాత్రం దాటనివ్వరు.